పెళ్లి క్యాసెట్‌లో రాజం గొంతు

కంప్యూటర్ మొండికేస్తే తిట్టుకోవచ్చు. గిరాకీ తొందరపెడితే రేపు రమ్మనొచ్చు. ఏమీ అడగకుండా, పొద్దున షటరు ఎత్తకముందే వచ్చి మెట్ల మీద కూర్చునే మనిషిని ఏం చేయాలో మాత్రం శేఖర్‌కు ఎవరూ నేర్పలేదు. కోరుట్లలో వాళ్ల నాయిన గోవర్ధన్ పెట్టిన ఫోటో స్టూడియో అది. నాయిన పోయాక శేఖర్ నడుపుతున్నాడు.

ఆ కూర్చునే మనిషి పేరు రాజం. మెట్‌పల్లి దారిలో ఒక పల్లె. వయసంతా తాళ్లెక్కి కల్లు గీసినవాడు. ఆరేళ్ల కింద గొంతులో గడ్డ లేస్తే హైదరాబాద్‌లో డాక్టర్లు కోసి, మాట పలికే పెట్టెనే తీసేశారు. ఇప్పుడు మెడ ముందు రూపాయి బిళ్లంత రంధ్రం, దాని మీద పలచని తెల్లగుడ్డ. ప్రాణం దక్కింది, మాట పోయింది. చెట్టు మీంచి రాజం పిలిస్తే వాగవతల బర్లు కాసేవాడు పలికేవాడట. పెళ్లిలో పాట ఎత్తుకుంటే బ్యాండువాళ్లు వాయింపు ఆపేవాళ్లట. ఈ ‘అట’ల్లో సగం కోతలని తీసేసినా మిగతా సగం చిన్నదేమీ కాదు.

క్యాసెట్ తెచ్చింది రాజం బిడ్డ కళ్యాణి. సిరిసిల్లలో బట్టలు కుట్టే యూనిట్‌లో పని చేస్తుంది. నాలుగేళ్ల కూతురు అక్షిత తల్లి చీర కుచ్చిళ్లు పట్టుకుని వెంట వచ్చింది.

“మా దేవయ్య కాక పెండ్లి క్యాసెట్ అన్నా, నా చిన్నప్పటిది. గిండ్ల మా బాపు పాట పాడిండు. బాపు గొంతు ఇంకెక్కడ లేదు. అప్పుడు మాకు రికార్డు జేసే ఫోన్లా, ఏమన్నానా?” అంది కళ్యాణి. తరువాత గొంతు తగ్గించింది. “నా బిడ్డ తాత దగ్గరికి పోతలేదన్నా. మెడ జూసి బుగులు పడ్తున్నది. ఒక్కసారి తాత గొంతు ఇంటే, మనిషేనని తెలుస్తది.”

రాజం అప్పుడు పక్కనే ఉన్నాడు. అంతా విన్నాడు. మనవరాలివైపు చూడకుండా గోడ మీది ఫోటోలు చూస్తున్నట్టు నటించాడు.

శేఖర్‌ది మెత్తటి మనసు, తొందరపాటు నోరు. ఈ రెండూ ఒకే మనిషికి ఉండకూడదు. “ఎంత పని చెల్లె! రేపటికల్లా పెన్‌డ్రైవ్‌ల వేసిస్త” అనేశాడు. ఆ మాటే తరువాత అతని మెడకు చుట్టుకుంది.

అతని దగ్గర వీసీఆర్ బొమ్మనూ శబ్దాన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పాత కార్డు ఒకటి ఉంది. జగిత్యాలలో ఒక కేబుల్ ఆపరేటర్ దుకాణం మూసేస్తూ సామాను అమ్ముకుంటుంటే బేరమాడి తెచ్చాడు. కొత్త విండోస్ దాని మొహం చూడనంది. కార్డు చేసిన కంపెనీయే లేనప్పుడు దాని డ్రైవర్‌ను, అంటే కార్డుకూ కంప్యూటర్‌కూ నడుమ దుబాసీ పని చేసే ప్రోగ్రాంను, ఎవరు రాస్తారు? అందుకని విండోస్ తీసేసి, దాని బదులు ఊరికే దొరికే లైనక్స్ వేసుకున్నాడు. లైనక్స్ అందరూ వద్దన్నవాళ్లను చేరదీసే మేనత్తలాంటిది. కాకపోతే ఆ మేనత్తకు చాదస్తం ఎక్కువ.

చాలా పెళ్లిళ్లు ఆ కార్డు మీదుగానే పెన్‌డ్రైవ్‌లకెక్కాయి. ఆమధ్య ఒక అప్‌డేట్ తరువాత బొమ్మ వస్తూనే ఉంది కానీ శబ్దం రావడం మానేసింది. శేఖర్ పట్టించుకోలేదు. పెళ్లి వీడియోలో మాటలు ఎవరికి కావాలి? తానే నాలుగు సినిమా పాటలు తగిలించి ఇచ్చేవాడు. ఒక్కరూ అడగలేదు. ఒకరిద్దరైతే పాటలు బాగున్నాయని మెచ్చుకున్నారు కూడా.

మొదటి రోజు శబ్దం సంగతి తరువాత చూద్దాం, ముందు బొమ్మ చూద్దామని క్యాసెట్ నడిపాడు. పచ్చటి పందిరి వచ్చింది. తలకు రుమాలు చుట్టిన నల్లమీసాల మనిషి చెవి మీద చెయ్యి పెట్టుకుని నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. స్పీకర్‌లో గాలి కూడా కదల్లేదు. తెర మీది రాజం నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. స్టూల్ మీది రాజం చెయ్యి మెల్లగా మెడ మీది గుడ్డ దాకా పోయింది. శేఖర్‌కు సిగ్గేసింది. గబుక్కున క్యాసెట్ ఆపేశాడు.

బయటికి తీసి చూస్తే ఇంకో సంగతి తెలిసింది. టేపు అంచున తెల్లటి బూజు. వీసీఆర్ లోపల గోధుమరంగు పొడి రాలి ఉంది. నడిచిన ప్రతిసారీ టేపు మీది బొమ్మా శబ్దమూ ఆ పొడిలా రాలిపోతాయి. ఇంకొక్కసారి నడుస్తుంది, అదీ మధ్యలో ఆపకుండా పోనిస్తేనే.

“ఫోన్‌ల రికార్డు చెయ్యరాదా అన్నా, టీవీకి వెట్టి?” అని కళ్యాణి సిరిసిల్ల నుంచి ఫోన్‌లో అడిగింది.

“ఒక్కటే ఛాన్సున్నది చెల్లె. గీ రోడ్డు మీది లారీల మోత ఫోన్‌ల వడితే మీ బాపు గొంతు ఏడ దేవులాడుతవ్? సాఫుగ రావాలంటే కార్డుతోనే రావాలె” అన్నాడు శేఖర్. వీసీఆర్ తీగను నేరుగా కంప్యూటర్ వెనక గుచ్చి చూద్దామంటే శబ్దం లోపలికి తీసుకునే ఆ సాకెట్ పోయిన వానాకాలం పిడుగుకే కాలిపోయింది.

అలా శేఖర్ ఇరుక్కున్నాడు. కాదందామంటే మాటిచ్చాడు. వేరే చోటికి పంపుదామంటే మెట్‌పల్లిలో కాదు కదా, జగిత్యాలలో కూడా నడిచే వీసీఆర్ ఉన్నవాడు లేడు. క్యాసెట్ నడపలేడు, తిరిగి ఇవ్వలేడు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, సరిగ్గా అది.

ఎవరో తీసుకుపోకుండా వదిలేసిన క్యాసెట్ ఒకటి వెతికి, దాంతో శబ్దం రప్పించే పనిలో పడ్డాడు. రాజం రోజూ షేర్ ఆటోలో వచ్చేవాడు. స్టూల్ మీద కూర్చుని కంప్యూటర్‌ను చూసేవాడు, శేఖర్‌ను చూసేవాడు, మళ్లీ కంప్యూటర్‌ను చూసేవాడు. అడిగేవాడికైతే ఏదో ఒక అబద్ధం చెప్పొచ్చు. అడగనివాడికి ఏం చెప్తాం? శేఖర్ చాయ్‌కి లేస్తే రాజం కూడా అయిపోయిందేమోనని లేచేవాడు. దాంతో శేఖర్ చాయ్ మానేశాడు. ఫోటో దిగడానికి వచ్చినవాళ్లు ఆ మెడ చూసి వాకిట్లోనే వెనక్కి తిరిగేవాళ్లు. నాయిన కాలం నుంచి తాను పెరిగిన దుకాణమే అయినా శేఖర్‌కు ఆ గది రోజురోజుకూ దగ్గరికి జరుగుతున్నట్టు, గోడలు మోకాళ్లకు తగులుతున్నట్టు ఉండేది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, ఉక్కకు తల తిరిగి, విసుగు నోటిదాకా వచ్చింది.

“కాకా, ఇంటికి వో! అయినంక నేనే నీకు ఫోన్ జేస్తగని” అన్నాడు.

అన్నాక గాని తెలియలేదు. ఫోన్ ఎత్తి ఆ మనిషి ఏమంటాడు? రాజం లేవలేదు, నొచ్చుకున్నట్టు కూడా కనబడలేదు. మెడ గుడ్డ సర్దుకుని, జేబులోంచి రెండు పల్లీపట్టీలు తీసి ఒకటి శేఖర్ ముందు పెట్టాడు. శేఖర్ తలెత్తకుండా దాన్ని నమిలాడు.

కార్డు రోగం ఏమిటో నెమ్మదిగా అర్థమైంది. ఆ కార్డు తన పేరు తాను చెప్పుకోలేదు. లైనక్స్ డ్రైవర్ దాన్ని ఎవరో తెలియని కార్డుగా రాసుకుంది. బొమ్మ తెచ్చే దారి అన్ని కార్డులకూ దాదాపు ఒకటే కాబట్టి బొమ్మ వచ్చింది. శబ్దానికి మాత్రం ఒక్కో కార్డులో ఒక్కో దారి. ఎవరింటికో దారి అడగకుండా ఏదో తలుపు కొడితే ఎవరు పలుకుతారు? పాత అప్‌డేట్ దాకా ఎక్కడో ఒక మూల రాసి ఉన్న కార్డు నంబరు కొత్తది వచ్చినప్పుడు తుడిచిపెట్టుకుపోయింది. అదేమిటో శేఖర్ ఎన్నడూ చూసింది లేదు. ఇంటర్నెట్‌లో అడిగితే ఒక మహానుభావుడు నీ కార్డు నంబరు డ్రైవర్‌కు చెప్పు, వస్తుంది అన్నాడు. నంబరు తెలిస్తే నిన్నెందుకు అడుగుతా నాయనా!

డ్రైవర్‌కు తెలిసిన కార్డుల పట్టిక చాంతాడంత ఉంది. ఒక్కో నంబరు వేయడం, డ్రైవర్‌ను దించి మళ్లీ ఎక్కించడం, క్యాసెట్ నడపడం. తప్పు నంబరు పడితే కొన్నిసార్లు కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోయేది. ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. నంబరు వేసినప్పుడల్లా రాజం ముందుకు వంగేవాడు. స్పీకర్ పలక్కపోతే వెనక్కి జరిగేవాడు. ఇద్దరూ ఒకే మోట తోలుతున్నట్టు ఉండేది, బొక్కెన ఎప్పుడూ ఖాళీగానే పైకి వచ్చేది.

శనివారం పొద్దున ఒక నంబరుకు స్పీకర్ ‘టప్’మంది. సన్నటి గుర్రు వచ్చింది. వెంటనే ఎవరి పెళ్లిదో బారాత్ పాట గది నిండా మోగింది. శేఖర్ కుర్చీలోంచి ఎగిరి రాజం రెండు చేతులూ పట్టుకున్నాడు. రాజం నవ్వాడు. ఇన్నాళ్లూ అతనికి ముందు పన్ను లేదని శేఖర్‌కు తెలియనే తెలియదు.

ఆదివారం కళ్యాణి అక్షితను తీసుకుని వేములవాడ మీదుగా బస్సులో దిగింది. అక్షిత గడప దగ్గరే ఆగి తల్లి వెనక్కి నక్కింది. శేఖర్ రాజం క్యాసెట్ పెట్టాడు. “ఇగ నడుమల ఆపుడుండది చెల్లె. ఆపితే తెగుతది” అని హెచ్చరించి, కంప్యూటర్‌లో రికార్డు పెట్టి వీసీఆర్ బటన్ నొక్కాడు.

పచ్చటి పందిరి వచ్చింది. రుమాలు చుట్టిన రాజం చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు, నోరు తెరిచాడు, మెడ నరాలు ఉబ్బాయి. స్పీకర్‌లోంచి ఒక ఆడగొంతు హుషారైన సినిమా పాట అందుకుంది. వెనక డ్రమ్ములు, ఈలలు.

రాజం నోరు తెరిచినప్పుడల్లా ఆ సినిమా గొంతే వస్తోంది.

“అన్నా,” అంది కళ్యాణి చాలా మెల్లగా, “గిది మా బాపు గొంతు గాదు.”

శేఖర్ క్యాసెట్ డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. దాని మీద తమ స్టూడియో పేరు మొదటి రోజే చూశాడు. గోవర్ధన్ మిక్సింగ్ అంటే అప్పట్లో కోరుట్లలో గొప్ప పేరు. పెళ్లి వీడియో తీశాక అసలు శబ్దం చెరిపి, దాని మీద సినిమా పాటలు ఎక్కించేవాడు నాయిన. ఆయనే కాదు, అందరూ అంతే. మాటలూ అరుపులూ ఉంటే గిరాకీ ముఖం చిట్లించేవాడు. పాటలు ఎక్కువుంటే ఇనాం ఇచ్చేవాడు. ఆ అన్నం తిని పెరిగిన తనకు, ఇప్పటికీ అదే పని చేస్తున్న తనకు, ఈ ముక్క ఒక్కసారి కూడా తట్టలేదు. కార్డును అనుమానించాడు, డ్రైవర్‌ను అనుమానించాడు, తమ వృత్తిని అనుమానించలేదు.

“మా నాయిననే చెల్లె,” అన్నాడు. “గప్పుడు గట్లనే జేస్తుండె. అసలుది తుడిపేసి పాటలు వెట్టేది. నాకు మొదాలే తెల్వాలె. కాకా, తప్పయింది.”

రాజం విన్నాడో లేదో. తెర వైపే చూస్తున్నాడు. క్యాసెట్ ఆపడానికి లేదు, బయటికి పోవడానికి ఎవరికీ కాళ్లు రాలేదు. ఆ చిన్న గదిలో అందరూ బందీల్లా కూర్చుని, ఒకదాని వెనక ఒకటి సినిమా పాటలు వింటూ, ఎవరెవరో మూగగా నవ్వడం, తలంబ్రాలు పోసుకోవడం చూడాల్సి వచ్చింది. శేఖర్‌కు తన దుకాణమంటే అసహ్యం పుట్టింది.

పెళ్లి అయిపోయి బంతిభోజనాలు మొదలయ్యాయి. పాట సగంలో టక్కున తెగింది. టేపే తెగిందనుకుని శేఖర్ ఉలిక్కిపడ్డాడు. తెగలేదు. నాయిన పాటలు ఎక్కించిన ఆడియో క్యాసెట్‌లో ఒక వైపు అయిపోయి, ఆయన ఎక్కించడం ఆపి, రెండో వైపు తిప్పి మళ్లీ మొదలుపెట్టేలోపు కాస్త జాగా చెరగకుండా మిగిలిపోయింది. అందులోంచి ఇస్తరాకుల చప్పుడు, పిల్లల గోల, ఎక్కడో కుక్క మొరగడం, వాటన్నిటి మీదుగా ఒక మగగొంతు. బొమ్మలో ఆ మనిషి లేనే లేడు. అయినా ఆ గొంతు వాగు దాటగలదని ఎవరూ చెప్పక్కర్లేదు.

“కళ్యాణీ! ఓ కళ్యాణీ! యాడున్నవే? బువ్వ తిన్నవా?”

“తిన్న బాపూ!” అంది కళ్యాణి.

ఆ జవాబు ఆమె అనుకుని చెప్పింది కాదు. మళ్లీ పాట మొదలై ఆ గోలనంతా కప్పేసింది. రాజం రెండు అరచేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ఏడుస్తున్నట్టు చప్పుడు కూడా రాని ఏడుపు ఏడుస్తున్నాడు. మెడ గుడ్డ మాత్రం ఊపిరికి ఎగిరెగిరి పడుతోంది.

“అమ్మా, నిన్ను ఎవలు పిలిసిండ్రే?” అంది అక్షిత.

“తాత బిడ్డా. మీ తాతనే.”

అక్షిత తల్లి చీర వదిలింది. నాలుగడుగులు వేసి రాజం ముందు నిలబడింది. గుడ్డను చూసింది, నోటిని చూసింది.

“నన్ను గూడ పిలువు తాతా” అంది.

శేఖర్ తల తిప్పుకున్నాడు. రాజం కళ్యాణి వైపు చూశాడు, తరువాత వంగి, మనవరాలి ముఖానికి ముఖం దగ్గరగా పెట్టి నోరు తెరిచాడు. పెదవులు ఆమె పేరంత మేర కదిలాయి. గుడ్డ కింద ఊపిరి బుసమంది. అంతే వచ్చింది.

అక్షిత కాసేపు ఆ పెదవులనే చూస్తూ నిలబడింది.

“ఓ తాతా! తిన్న” అని గట్టిగా పలికింది.