ఇసుక దాటని మూడు చక్రాలు

మూడు చక్రాల మోటారు సైకిలు మంచిదా చెడ్డదా అని ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు. భావనపాడులో అలాంటి బండి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే మరి. మంచిదే అంటాను. ఆగినప్పుడు పడదు. కాలు కింద పెట్టక్కర్లేదు. వానలో జారదు. వెనక రెండు చేపల పెట్టెలు కట్టినా కిక్కురుమనదు. ఇవన్నీ నా బామ్మర్ది గోవింద్ చెప్పిన మాటలే. ఒక్కటీ అబద్ధం కాదు. నాకు మండేది అక్కడే. అబద్ధం చెప్పి ముంచినవాణ్ణి నోరారా తిట్టుకోవచ్చు. నిజాలే చెప్పి ముంచినవాణ్ణి ఏమని తిట్టాలి?

నా పేరు ఎర్రన్న. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడిపోయింది. గట్టి నేల మీద కర్ర సాయంతో నడుస్తాను. ఇసుకలో మాత్రం కర్ర దిగబడుతుంది, దాంతోపాటు నేనూ. వేటకు పోలేనివాడు ఏం తిని బతుకుతాడని మా అయ్య బెంగపెట్టుకున్నాడు గాని, దేవుడు కాలు తీసుకుని గొంతు ఇచ్చాడు. పడవలు తెచ్చిన చేపలకు ఒడ్డున వేలంపాట పాడేవాణ్ణి నేను. నేను పాట ఎత్తానంటే గాలి ఎటు వీచినా చివరి పడవ దాకా వినబడేది.

మా ఒడ్డున పాటకు ఒక కట్టుబాటుంది. గంప పడవలోంచి దిగి ఇసుకను ఆనిన చోటే పాట జరగాలి. రోడ్డు మీదికి తెచ్చిన చేపకు పాట లేదు. మొదటి గంప ఆనగానే గంగమ్మ తల్లి పేరు ఎవరు ఎత్తుకుంటే ఆ రోజు పాట వాళ్ళది. తల్లి పేరు ఎత్తాక మధ్యలో తెంచే మొనగాడు లేడు. ఇరవై ఏళ్ళ పాటు ఆ పేరు ఎత్తింది నేనే.

రోడ్డు చివర నుంచి నీళ్ళ దాకా నన్ను తీసుకెళ్ళేది గోవింద్, నా భార్య దానమ్మకు తమ్ముడు. మొగలి పొదల మధ్య ఆడవాళ్ళు గంపలతో నడిచి నడిచి గట్టిపడ్డ దారి ఒకటుంది. మూరెడు వెడల్పు కూడా ఉండదు. దాని మీద వాడు మోటారు సైకిలు పోనిస్తే, నేను వెనక కూర్చుని వాడి చొక్కా పట్టుకునేవాణ్ణి. వాడు కుడికి వంగితే కుడికి, ఎడమకు వంగితే ఎడమకు. ఇద్దరికీ కలిపి ఒకటే ఒళ్ళు అన్నట్టు ఉండేది.

అలాంటివాడు ఒకరోజు పాత మోటారు సైకిలొకటి కొని, నరసన్నపేటలో వెనక చక్రం తీయించి రెండు చక్రాలు పెట్టించి, గేర్లు చేతితో మార్చేలా చేయించి మా గుమ్మం ముందు ఆపాడు.

"ఇదేటిరా?" అన్నాను.

"నీదే బావా. ఇంక ఎవుల్నీ బతిమాలక్కర్లేదు. నీకు తోసిన సోటికి ఎల్లు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచడమెందుకు, వాణ్ణి కావిలించుకున్నాను.

మొదటి రోజే నౌపడ వైపు ఉప్పు మళ్ళ పక్కన మలుపు వచ్చింది. ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ ఒళ్ళు వంచాను. నేను వంగాను గాని బండి వంగలేదు. ఈ బండికి ఒళ్ళు కాదు, చేతులు చెప్పాలి. తిన్నగా పోయి బండీ నేనూ ఉప్పు కాలవలో దిగబడ్డాం. గోతుల సంగతి చెప్పనే అక్కర్లేదు. రెండు చక్రాల బండి గోతిని తప్పించుకుంటుంది. ముందు చక్రం తప్పించిన గోతిని దీని వెనక చక్రాలు వెతికి మరీ పట్టుకుంటాయి. అయినా నాకు ఎంత సంతోషమంటే, నడుం విరుగుతున్నా నవ్వుకున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళకు దానమ్మ నా వెనక కూర్చుంది. టెక్కలి సంతకు తీసుకెళ్ళాను. దారి పొడుగునా అది నా భుజం మీద చెయ్యి తీయలేదు.

"ఓలమ్మా, అందరూ సూత్తన్నారు, మెల్లగా పోనీ," అంది. మెల్లగా పోనిమ్మన్నది భయంతో కాదు, అందరూ చూడాలని.

పడవలు వేటకు పోని రోజులవి, తిరిగినదంతా తారు రోడ్డే. ఇసుక మాట నాకు తట్టనే లేదు. ఇసుకలో పుట్టినవాణ్ణి, ఇసుకను మర్చిపోయాను. నా కాళ్ళతో ఎప్పుడూ దాన్ని దాటలేదు కదా మరి, గోవింద్ బండి మీదే దాటాను.

పాటకు వెళ్ళిన మొదటి రోజు సంగతి తెలిసింది. మొగలి పొదల దారిలో ముందు చక్రం గట్టి నేల మీద ఉంది, వెనక చక్రాలు రెండూ చెరోపక్క మెత్తటి ఇసుకలో పడ్డాయి. ఎంత రెయిజ్ చేస్తే అంత లోపలికి. ఇరుసు దాకా కూరుకుపోయింది. అవతల పడవలు వచ్చేస్తున్నాయి.

"నువ్వుండు బావా, ఇయ్యాల్టికి నాను పాడీసి వస్తాను," అని, నాకు ముందు వెళ్తున్న గోవింద్ తన బండి మీద సాగిపోయాడు. వెనక నన్ను ఎక్కించుకోవడానికి లేదు. నేను కూర్చునే సీటు మీద చేపల పెట్టె కోసం ఇనప స్టాండు బిగించి ఉంది. రెండు రోజుల్లో విప్పించేస్తానన్నాడు. దారి పొడుగునా కొబ్బరి మట్టలు పరిపిస్తానన్నాడు. నేను నమ్మాను. రోజూ రోడ్డు చివర బండి మీద కూర్చుని, మొగలి పొదల అవతల వాడి గొంతు వింటూ ఉండేవాణ్ణి. వాడు తల్లి పేరు పొట్టిగా ఎత్తుతాడు, ఊపిరి చాలదు. నేర్పాలి వీడికి అనుకునేవాణ్ణి. నేనెంత వెర్రివాణ్ణో చూడండి.

ఒక పొద్దున చేపలమ్మే తాతమ్మ గంప నెత్తిన పెట్టుకుని వస్తూ నా దగ్గర ఆగింది.

"ఏటి ఎర్రన్నా, పాట మానీసినావట? నువ్వే వొద్దన్నావని సెప్పినాడు గోవిందు. బండొచ్చింది, ఊర్లు తిరుగుతాను, నాకెందుకీ గొంతు పగలగొట్టుకోడం అన్నావట?"

నేను కాదనలేదు. బామ్మర్దిని నలుగురిలో అబద్ధాలకోరును చేయడం ఎందుకని. ఏదో మాట తేడా అయి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ వారంలోనే క్లచ్ తీగ తెగితే నరసన్నపేట వెళ్ళాను. బండి చేసిన మెకానిక్ మురళీమోహన్ చక్రాల సందుల్లో ఇసుక చూసి తల కొట్టుకున్నాడు.

"ఇసకలోకి దింపీసినారేటి? ఆ రోజే సెప్పినాను గదండీ మీ బామ్మర్దికి. ఒంటి దారిలో ఇది పట్టదు, ఇసకలో కూరుకుపోతాది అని. పర్లేదు, మా బావ ఇంక ఒడ్డుకి దిగడు అన్నాడు. ఆయన బండికి పెట్టె స్టాండు కూడా ఆ రోజే కొట్టించుకున్నాడు."

ఆ రోజే. నేను వాణ్ణి కావిలించుకుని ఏడ్చిన నాటికి నా సీటు మీద ఇనుము దిగిపోయి ఉంది. తిరిగి వచ్చేటప్పుడు ఏ గోతిలో పడ్డానో, ఏది తప్పించానో గుర్తులేదు.

ఆ మధ్యాహ్నం వాడు అలవాటుగా మా ఇంటికి అన్నానికి వచ్చాడు. దానమ్మ వడ్డిస్తోంది.

"ఒరే గోవిందూ, ఇసకలో దిగదని నీకు ముందే తెలుసా?"

కలుపుతున్న చెయ్యి ఆగింది. కాదంటాడేమో, కాదంటే బాగుండునని చూశాను.

"తెలుసు బావా."

"మరి సెప్పలేదేటి?"

"ఇరవై ఏళ్ళు మోసినాను నిన్ను. వానలో మోసినాను, జరంలో మోసినాను. పాటగాడు ఎర్రన్న, పాటగాడు ఎర్రన్న అంటారు గాని, మోసినోడు ఎవులికి కనిపించినాడు? నాకూ గొంతున్నాది."

"నోరు తెరిసి అడగొచ్చు గదరా."

"అడిగితే ఇస్తావేటి?"

ఇచ్చేవాణ్ణే. వాడి ముందు ఆ మాట అనలేకపోయాను. పాట వాడికి ఇచ్చి, వాడి వెనకే కూర్చుని, ఎక్కడ ఊపిరి పట్టాలో నేర్పేవాణ్ణి. నా సొమ్ము నాకే తెలియకుండా తీసుకోవాల్సిన పరాయివాడా వాడు?

దానమ్మ గరిటె కింద పెట్టేసింది. "ఒకడు తమ్ముడు, ఒకడు మొగుడు. ఎవుల్ని తిట్టనురా నాను?" అని ఏడుస్తూ లోపలికి పోయింది. గోవింద్ చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లవారకుండానే బయల్దేరాను. బండి రోడ్డు చివర ఆపాను. కర్ర బండికే ఆనించి, మొగలి పొదల దారిలో చేతుల మీద పాకడం మొదలుపెట్టాను. కూర్చుని దాటినప్పుడు ఆ దారి ఎంత చిన్నదో! గుల్లలు మోచేతులను కోసేశాయి. ఖాళీ గంపలతో వస్తున్న ఆడవాళ్ళు ఆగిపోయారు. తాతమ్మ పట్టుకోబోతే వద్దని విదిలించాను. తర్వాత ఎవరూ దగ్గరకు రాలేదు, నన్ను దాటి ముందుకూ పోలేదు. నా వెనకే నడిచారు.

నేను తడి ఇసుక చేరేసరికి పడవ తగులుతోంది. గోవింద్ తన బండి దిగి నిలబడి ఉన్నాడు. మొదటి గంప దించారు. అది ఇసుకను ఆనడం, నేను తల్లి పేరు ఎత్తడం ఒకేసారి అయ్యాయి. వాడు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండి, మూసుకుంది.

ఆ రోజు పాడినట్టు నేనెప్పుడూ పాడలేదు. చందువకు పాడాను, వంజరానికి పాడాను, పిల్లి కూడా ముట్టని పరిగెలకు పాడాను. కొనేవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆఖరి గంప లేచాక అందరూ ఎవరి బరువు వాళ్ళు ఎత్తుకుని పోయారు. నేనూ గోవిందూ మిగిలాం. పోటు ఎక్కుతోంది, నీళ్ళు నా కాలును తాకుతున్నాయి.

వాడు నా ముందుకు వచ్చి, వెనక్కి తిరిగి, మోకాళ్ళ మీద వంగాడు.

"ఎక్కు బావా."

ఆ వీపు నాకు కంఠతా వచ్చు. మెడ కింద పుట్టుమచ్చ, నేను పట్టుకుని పట్టుకుని పిగిలిన చొక్కా కుట్టు. చెయ్యి దానంతట అదే లేవబోయింది.

"అడిగితే ఇస్తావేటి అన్నావు గదా," అన్నాను. "ఇచ్చీసినాను. రేపట్నుంచి పాట నీదే. తల్లి పేరు మాత్రం పొట్టిగా ఎత్తకు."

వాడు అలాగే వంగి ఉండి ఏడవడం మొదలుపెట్టాడు. నేను చేతులు ఇసుకలో పెట్టి, వాడి పక్కనుంచి రోడ్డు వైపు పాకాను. బండి నేను ఆపిన చోటే ఉంది. ఆగినప్పుడు అది పడదు.