మూడు పూటల కలబంద

జయరత్నం మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి కాంపౌండరుగా ముప్పై ఏళ్ళు పనిచేశాడు. ఔన్సు గ్లాసు చేతిలో లేకుండా ఎవరికైనా మేలు చేయవచ్చని ఆయనకు తోచేది కాదు. అందుకే భార్య విక్టోరియా పోయాక, ఆమె కిటికీలో పెంచిన కలబందకు కూడా మందు పట్టినట్టే నీళ్ళు పట్టాడు. పొద్దున రెండు ఔన్సులు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం రెండు. యుద్ధం రోజులు, పైగా వానల్లేని ఏడు. బావిలో చేద వేస్తే సగం బురదే వచ్చేది. తాను ఒక పూట స్నానం మానుకున్నాడు గానీ కలబందకు ఒక్క డోసు తప్పనివ్వలేదు.

ఏడాది తిరిగేసరికి మట్టలు మెత్తబడ్డాయి. అడుగున పసుపు తిరిగింది. జబ్బు ముదిరిందనుకుని డోసు పెంచాడు.

ఆ వారంలోనే కుప్పం నుంచి కూతురు అన్నమ్మ ఉత్తరం రాసింది. తల్లి చివరి రోజుల్లో ఆ పిల్ల బాలింత, రాలేకపోయింది. వచ్చేసరికి సమాధి మీద మట్టి కూడా ఆరిపోయింది. 'అమ్మ చీరలు, సామాన్లు ఏమీ వద్దు నాయనా. ఆ కలబంద ఒకటి తెచ్చియ్యి. నాకిస్తానని అమ్మ ఎప్పుడో చెప్పింది' అని రాసింది.

జయరత్నం ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మరునాడు కలబంద ఉన్న కిరసనాయిలు డబ్బాను తడిగుడ్డతో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాడు. అది బొగ్గుతో నడిచే బస్సు. పుంగనూరు చేరేసరికి దానికి ఆయాసం వచ్చింది. డ్రైవరు కదిరప్ప దిగి, వెనక పొయ్యి తలుపు తీసి చూశాడు.

"దిగండప్పా అందరూ. దీనికి మళ్ళా నిప్పు రాజెయ్యల్ల. ఒక గంట పడతాది."

ఎదురుగా ఒక ఇంటి అరుగు మీద మైమూన్ బీ అనే ముసలామె బొంత కుడుతోంది. నీడ కోసం జయరత్నం ఆ అరుగు దగ్గరికి పోయి డబ్బా దించాడు. ఆమె సూది ఆపి చూసింది.

"ఏమప్పా, ఆ డబ్బాలో దాన్ని ఏం జేస్తాండావు? ఊరగాయ పెడతాండావా?"

"జబ్బు చేసిందమ్మా. మూడు పూటలా నీళ్ళు పోస్తానే ఉండాను."

"మూడు పూటలా? నాకే మూడు పూటలా కూడు లేదు, దానికి నీళ్ళా!" అని ఆమె పకపకా నవ్వింది. "పైకి సూడు."

జయరత్నం తలెత్తాడు. గుమ్మానికి ఒక కలబంద తలకిందులుగా వేలాడుతోంది. వేళ్ళు ఆకాశానికి, మట్టలు నేలకు.

"రంజానుకు ముందు కట్టినా. సుక్క నీళ్ళు ఎరగదు. అప్పుడే పిలక గూడా ఏసింది."

"మరి ఎట్లా బతికుండాది?"

"నీళ్ళు కడుపులో దాసుకుంటాదప్పా అది. అడక్కుండా పోస్తే యాడ పెట్టుకోవల్ల, పాపం?"

ఆమె డబ్బాలోంచి మొక్కను లాగింది. వేళ్ళు నల్లగా జారిపోతూ వచ్చాయి. ఆ వాసన జయరత్నానికి తెలుసు. కుళ్ళిన పుండ్ల వార్డులో ముప్పై ఏళ్ళు పీల్చిన వాసన. ఆమె కూరలు తరిగే కత్తి తెచ్చి చేతికిస్తే ఆయన తిరిగి ఆమె చేతికే ఇచ్చాడు. చివరికి ఆమే కోసింది. ఒక ముక్క నలుపు, ఇంకో ముక్క గోధుమరంగు, మూడో కోతకు లోపల తెల్లగా, గట్టిగా కనిపించింది. మెత్తబడిన మట్టలు కూడా తీసేసింది. మొక్కలో మూడో వంతు మిగిలింది.

"గుండె చెడలా. ఈ గాయం ఆరల్ల. నీళ్ళు తగలనీయొద్దు. పదైదు దినాలు, ఇంకా పైనే అనుకో, గుమ్మానికి ఏలాడదీయి."

"బాగానే చూసుకున్నానమ్మా," అన్నాడు జయరత్నం, నేరం ఒప్పుకున్నట్టు.

"తెలస్తానే ఉండాది లేప్పా. తక్కువై గాదు, ఎక్కువై చెడింది."

విక్టోరియాకు కూడా ఆయన గడియారం చూసి మందులు పోశాడు. ఏ డోసు తప్పిపోయిందా అని ఏడాదిగా లెక్క తిరగేస్తూనే ఉన్నాడు. బస్సు మళ్ళీ కదిలాక, డబ్బాకు చుట్టిన తడిగుడ్డ విప్పి కిటికీలోంచి పిండేశాడు.

కుప్పంలో అన్నమ్మ తండ్రి చేతిలోని ముక్కను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంతేనా నాయనా మిగిలింది?"

జయరత్నం జరిగిందంతా చెప్పాడు. గుమ్మానికి కట్టాలనగానే రైల్వే గుమాస్తాగా పనిచేసే అల్లుడు జేమ్స్ తల గోక్కున్నాడు.

"మామా, మనింటి గుమ్మానికి కలబందా? దిష్టికి కట్టుకున్నారని చర్చి సంఘంలో చెప్పుకుంటారు."

"దిష్టికి కాదు జేమ్సూ. ఆపరేషనయింది. వార్డులో ఉండాది అనుకో."

జేమ్స్ నవ్వి తనే మేకు కొట్టాడు.

ఆ తర్వాతి రోజులు జయరత్నానికి గండంగా గడిచాయి. పొద్దున లేస్తూనే చెయ్యి గ్లాసు వెతికేది. మట్టలు రోజురోజుకూ సన్నబడి లోపలికి ముడుచుకున్నాయి. పన్నెండో రోజు పట్టలేక, చెంబుతో నీళ్ళు తీసుకుని ముక్కాలి పీట ఎక్కాడు. అన్నమ్మ చంకలో బిడ్డతో పరుగెత్తుకొచ్చింది.

"దిగు నాయనా! అమ్మ దానికి ఎప్పుడెప్పుడు పోసేదో నీకు తెలుసునా?"

జయరత్నం పీట మీదే ఆలోచించాడు. పాతికేళ్ళకు పైగా ఒకే కప్పు కింద ఉన్నాడు. తెలియదు.

"పోసేదే గాదు. మర్సిపోయేది. ఎప్పుడన్నా తపేలా కడిగిన నీళ్ళు పారబోయాలంటే, పెరట్లోకి పోను బద్దకమై దాని నెత్తిన పోసేది."

జయరత్నానికి నవ్వొచ్చింది. అన్నమ్మకూ వచ్చింది. నవ్వుతూనే ఆమె కళ్ళు తుడుచుకుంది. తల్లి పోయాక ఆమె గురించి ఇద్దరూ కలిసి నవ్వడం అదే మొదలు. ఆయన జాగ్రత్తగా పీట దిగాడు.

పంతొమ్మిదో రోజు పొద్దున జేమ్స్ డ్యూటీకి పోతూ గుమ్మంలో ఆగిపోయాడు. "మామా, అద్దాలు పెట్టుకుని రాండి."

కోసిన చోట గాయం ఎండి బెరడు కట్టింది. దాని అంచున, బియ్యపు గింజంత తెల్లటి వేరు మొన. పక్కనే ఇంకొకటి. జయరత్నం వేలు దగ్గరికి పోనిచ్చి, ముట్టుకోకుండా వెనక్కి తీసుకున్నాడు.

ఏటి ఇసుక కలిపిన మట్టిని కుండలో నింపి, అన్నమ్మ తన చేత్తోనే మొక్కను నాటింది.

"ఇప్పుడు పోద్దామా నీళ్ళు?"

"ఇంకో వారం ఆగుదాం," అన్నాడు జయరత్నం. ఏడాదిగా ఒక ముద్దతోనే లేచిపోతున్న మనిషి, ఆ మధ్యాహ్నం కూతురు వడ్డించిన సంగటి తిని, రెండో ముద్ద అడిగి పెట్టించుకున్నాడు.