గోలు వెనుక మట్టి

నార్మన్ చితాభస్మం రోవర్స్ క్లబ్బు ఫుట్‌బాల్ మైదానంలో, నది వైపున్న గోలు వెనుక, పచ్చిక కింద పెట్టాం. చనిపోయేముందు అతను అడిగింది అదొక్కటే.

మా ఐరన్ బ్యాంక్ పేటలో ఇదేమీ వింత కాదు. ఓడలు కట్టే యార్డులు మూతపడ్డాక టీస్ నది ఒడ్డున మాకు మిగిలినవి రెండే: మెథడిస్టు ప్రార్థన మందిరం, ఫుట్‌బాల్ మైదానం. మగవాళ్లు క్రమం తప్పకుండా వెళ్లింది రెండోదానికే. పోయాక కూడా అక్కడే ఉంటామనేవారు. క్లబ్బువాళ్లు మాత్రం ఒప్పుకునేవారు కాదు, బూడిద వేస్తే పచ్చిక మాడిపోతుందని. అందుకని మైదానం చూసుకునే ఆర్థర్ ముసలాయన ఆట లేని రోజున పక్క తలుపు తీసేవాడు. పచ్చికను చాపలా ఒక వైపుకు మడిచి, చిన్న గుంట తవ్వి, పని అయ్యాక మళ్లీ పరిచి కాలితో అదిమేవాడు. తేడా ఎవరికీ తెలిసేది కాదు. నార్మన్‌కు ప్రార్థన నేనే చదివాను. పాస్టరు గారికి చెప్పలేదు. చెబితే ఆయన కాదనలేక, అవుననలేక నలిగిపోతారు.

తరువాత నగర కౌన్సిలు, ఒక కంపెనీ కలిసి మా పేటను బాగుచేస్తామని వచ్చారు. మందిరం హాలులో మీటింగు పెట్టారు. పాత మైదానం తీసేసి కొత్తది కడతారట. పక్కనే హోటలు, నది కనిపించేలా ఫ్లాట్లు, ఒడ్డు పొడవునా నడిచే దారి. కొత్త మైదానం అనగానే అందరం చప్పట్లు కొట్టాం. మా వీధులు పోతాయన్న మాట చివర్లో, మెల్లగా చెప్పారు. అప్పటికి టీ వచ్చేసింది.

లేవబోతూ వాళ్ల ఇంజనీరు అడిగాడు: "నేల కింద మాకు తెలియనివేమైనా ఉన్నాయా? పాత గొట్టాలు, బావులు, ఏదైనా సరే."

నా పక్కన నార్మన్ భార్య డోరీన్ కూర్చుంది. ఆమె, ఆ వరుసలోని మిగతా విధవరాళ్లూ కప్పుల్లోకి చూస్తూ ఉండిపోయారు. వెనక బెంచీలో ఆర్థర్ ఉన్నాడు. నోరు విప్పితే ఆయన పెన్షను మీదికి వస్తుంది.

"మా గోల్‌కీపర్ పరువు పాతిపెట్టాం," అన్నారు ఎవరో. "దొరికితే తెచ్చివ్వండి."

అందరూ నవ్వారు. ఇంజనీరూ నవ్వి, కాగితాలు సర్దుకున్నాడు.

పోయిన చలికాలం ఆర్థర్ చనిపోయాడు. ఆ తరువాత దాచవలసిన అవసరం లేకపోయింది. కానీ అడిగేవాళ్లూ లేరు.

నది వైపు తవ్వకం మొదలైన రోజు పొద్దున్నే డోరీన్ మా ఇంటికి వచ్చింది. మందిరానికి వేసుకునే కోటు వేసుకుంది. చేతిలో ఖాళీ బిస్కెట్ల డబ్బా.

"రా, క్లిఫ్. నువ్వయితే మర్యాదగా మాట్లాడతావు. నేనయితే ఏదో ఒకటి అనేస్తాను."

కంచె దగ్గర హెల్మెట్ పెట్టుకున్న ఒక అమ్మాయి ఎదురొచ్చింది. రోవీనా అని చొక్కా మీద రాసి ఉంది.

"ఏం కావాలమ్మా?"

"మా ఆయన కావాలి," అంది డోరీన్.

"ఇక్కడ పనిచేస్తారా?"

"పని ఎప్పుడో మానేశాడు తల్లీ. ఆ గోలు వెనకాల పడుకున్నాడు. ఎడమ స్తంభం దగ్గర."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను సంగతంతా చెప్పాను. వింటుంటే ఆమె మొహం మారిపోయింది.

"ఎడమంటే ఎటు నుంచి?" అని అడిగింది.

"గోల్‌కీపర్‌కి ఎడమ. మా ఆయన బతికున్నన్నాళ్లూ వాణ్ణి వెనక నుంచే తిట్టాడు."

"మాకు ఎవరూ చెప్పలేదమ్మా."

"మీరు అడిగారు. మేమే చెప్పలేదు." డోరీన్ డబ్బా ముందుకు చాపింది. "మొత్తం అక్కర్లేదు. ఇందులో పట్టినంత చాలు. ఆయన కాకపోయినా, ఆయన పక్కనున్న మట్టయినా సరే."

రోవీనా డబ్బా అందుకోలేదు. "ఇవ్వకూడదమ్మా. పాత యార్డుల వల్ల ఈ నేలంతా తారు, ఆర్సెనిక్. విషం. చెంచాడు కూడా గేటు దాటించకూడదు. లారీ పైన కప్పేసి, దూరంగా ఒక గోతిలో పోసి మూసేస్తారు."

"ఆ గోతి దగ్గరికి నేను వెళ్లొచ్చా?"

"ఎవరినీ రానివ్వరు. ఇంకా ఎక్కడెక్కడి మట్టో అందులోనే పోస్తారు."

డోరీన్ గొంతు పెంచకుండానే అంది: "ఆయన ముప్పై ఏళ్లు ఈ మట్టి మీద నిలబడే ఓడలకి రేకులు బిగించాడు. ఆ బట్టలు నేను చేత్తో ఉతికాను. మా పిల్లలు ఇందులోనే దొర్లారు. అప్పుడు ఎవరూ ఏ కప్పూ వెయ్యలేదే."

ఆ పిల్ల అప్పటికి పుట్టి కూడా ఉండదు. కొత్త మైదానం ముందు పోయిన అభిమానుల పేర్లతో ఒక గోడ కడుతున్నారని, నార్మన్ పేరు తప్పకుండా వేయిస్తానని చెప్పింది.

"ఆయన దాని కింద ఉంటాడా?"

"ఉండరమ్మా."

"మరి నేను పువ్వులు ఎవరికి పెట్టాలి?"

నేను ఊరుకోలేకపోయాను. "అతను ఎక్కడున్నాడో దేవుడికి తెలుసు, డోరీన్."

"తెలియకేం. ఆయనకు అన్నీ తెలుసు. నాకు తెలియాలి."

దేవుడికి ప్రతి ధూళికణం లెక్క ఉంటుందని చిన్నప్పటి నుంచి నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. కానీ ఆ నమ్మకంలోంచి డోరీన్‌కు ఇవ్వడానికి ఆ పొద్దున నాకేమీ దొరకలేదు. ఆమె అడిగింది ఒక చోటు. నేనిచ్చింది ఒక మాట.

రోవీనా చేయగలిగింది ఒకటే చేసింది. గోలు వెనుక మట్టి లారీలకు ఎత్తేటప్పుడు మమ్మల్ని గేటు పక్కన నిలబడనిచ్చింది. యంత్రం రెండు స్తంభాల వెనుకా ఒకే తోపున గీకేసి, అంతా ఒక గుట్ట చేసింది. ఎడమ ఏదో, కుడి ఏదో కలిసిపోయాయి.

మా వైపు శవపేటిక బండి వీధిలో పోతుంటే ఎక్కడివాళ్లం అక్కడ ఆగిపోతాం. మగవాళ్లు టోపీ తీస్తారు. బండి మలుపు తిరిగాకే మళ్లీ పెట్టుకుంటారు. ఆకుపచ్చ గుడ్డ కప్పిన మొదటి లారీ గేటు దాటినప్పుడు డోరీన్ డబ్బా కింద పెట్టి, నిటారుగా నిలబడి తల వంచింది. నేను టోపీ తీశాను.

దాని వెనకే ఇంకొకటి వచ్చింది. అదే ఆకుపచ్చ గుడ్డ, అదే మట్టి.

"అది కాదేమో, క్లిఫ్," అంది. "ఇదేమో."

మళ్లీ తల వంచింది. మూడోదానికీ వంచింది. వాన మొదలైంది. టోపీ ఎప్పుడు పెట్టుకోవాలో నాకు తెలియలేదు.