ఇద్దరు వెర్లిన్ రుస్తాద్‌లు

మా ఆయన రాష్ట్ర ఆడిటర్ పదవికి నిలబడింది, అడిగినవాళ్ల మొహం చూసి కాదనలేక. గవర్నర్ అవుతామని తోసుకుంటూ వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. ప్రభుత్వం పెట్టే ఖర్చులు సక్రమంగా ఉన్నాయో లేవో చూసే ఉద్యోగం కోసం నార్త్ డకోటా రాష్ట్రమంతా తిరిగి ఓట్లడిగే సరదా ఎవరికుంటుంది? మా వెర్లిన్ కౌంటీ ఆఫీసులో అలాంటి పనే చేస్తున్నాడు గనక, పార్టీ మనిషి క్లిఫర్డ్ బ్రెక్ ఒక ఆదివారం మా వంటింట్లో తిష్ఠ వేశాడు.

"ఓటు కాగితం మీద మన పార్టీ తరఫున ఒక పేరుండాలి, అంతే. ఎలాగూ ఓడిపోతావు. నీకేం భయం లేదు," అని ధైర్యం చెప్పాడు.

ఓడిపోతానన్న ధైర్యంతోనే మా ఆయన సరేనన్నాడు.

ఆయన గొంతు ఎప్పుడూ పసిపిల్లలు పడుకున్న ఇంట్లో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఉపన్యాసాలకు పనికొచ్చే గొంతు కాదు. తూర్పు వైపు ఒక ఊళ్లో బంగాళాదుంపల పండగకి వెళ్లాం. ఆయన మాట్లాడటం మొదలుపెట్టగానే చినుకులు పడ్డాయి. "అయ్యో, తడిసిపోతారు, లోపలికి వెళ్లండి, వెళ్లండి," అని వచ్చిన కాస్త జనాన్నీ తనే పంపించేశాడు. క్లిఫర్డ్ తల పట్టుకున్నాడు. నేను మాత్రం గొడుగు కింద చేరి ఆయన చెయ్యి పట్టుకున్నాను. నేను పెళ్లి చేసుకున్న మనిషి ఆయనే మరి.

సెప్టెంబరులో మిస్సోరి నది దాటి పడమటి వైపు వెళ్లాం. స్టెన్‌బర్గ్ అనే ఊళ్లో చర్చి కింద హాల్లో భోజనాలు పెట్టారు. మేం అడుగుపెట్టేసరికి కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడి ఉన్నారు. మా ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా పెద్దమనిషి వస్తున్నాడేమోనని.

హుల్డా అనే ముసలమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. "మా ఆయన పోయిన రోజు ఆయన పేరు ఎంత నిదానంగా చదివావు నాయనా! పొయ్యి దగ్గర నిలబడి విన్నాను."

"గోధుమ ధర పెరిగిందో తగ్గిందో నువ్వు చెప్పకముందే నీ గొంతులో తెలిసిపోతుందోయ్!" అన్నాడు వెనకనుంచి ఒక రైతు.

అప్పుడు నాకు అర్థమైంది. పడమటి వైపు వెర్లిన్ రుస్తాద్ అంటే మా ఆయన కాదు, అదే పేరున్న రేడియో మనిషి. మధ్యాహ్నం పన్నెండింటికి పశువుల ధరలు, వాతావరణం, పుట్టినరోజులు, చావు కబుర్లు చదివే గొంతు. ఆ గొంతు వినపడగానే ప్రతి ఇంట్లోనూ చెంచాలు ఆగిపోతాయి. కానీ ఆ మనిషి మొహం ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు.

"నేను అతను కాదమ్మా," అన్నాడు మా ఆయన.

ఆ గోలలో ఆ గొంతు ఎవరికి వినపడుతుంది? హుల్డా ఆయన చెంప నిమిరింది. "పాపం, జలుబు చేసి గొంతు పోయింది," అంటూ చేతిసంచీలోంచి దగ్గు బిళ్ల తీసి నోట్లో పెట్టింది.

క్లిఫర్డ్ ఆయన్ని పక్కకి లాగాడు. "రేడియోలో చదివేది నేనే అని నువ్వు అన్నావా? అనలేదు. ఇక నోరు మూసుకుని ఆ కేకు తిను."

మా ఆయన కేకు ముట్టుకోలేదు. సంగతి చాలా దూరం పోతుందని నాకప్పుడే తెలిసిపోయింది.

మా ఆయన కారుని ఊరు దాటించాడు. తర్వాత, "ఆవిడ నా చెంప నిమిరింది, ఆర్డిస్," అన్నాడు.

"చూశాను."

"అది నాకు రావలసింది కాదు. ఇంకొకాయనది."

"అయితే వెళ్లి ఇచ్చేసి రా," అన్నాను సరదాకి.

ఈయనతో సరదాకి ఏదీ అనకూడదు. మర్నాడు పొద్దున్నే నన్ను రేడియో స్టేషనుకి బయల్దేరదీశాడు.

స్టేషనంటే కోతైన గోధుమ పొలం అంచున ఒక చిన్న ఇల్లు. లోపలనుంచి చెప్పులీడ్చుకుంటూ ఒక బక్కపలచటి మనిషి వచ్చాడు. అంత గొంతు ఆ ఒంట్లో ఎక్కడ పట్టిందో! మా ఆయన్ని ఎగాదిగా చూసి, "ఓహో, నేనంటే నువ్వేనా!" అన్నాడు.

మా ఆయన జరిగిందంతా చెప్పి క్షమించమన్నాడు. రేడియో వెర్లిన్ చెవులు ఎర్రబడ్డాయి. ఫోన్ల దగ్గర కూర్చున్న ఆయన భార్య మిర్నా పకపకా నవ్వింది.

"క్షమాపణ ఈయన చెప్పాలి. మొన్న అద్దం ముందు నిలబడి టై కట్టుకుని చూసుకుంటున్నాడు. ఎందుకో అడగండి!"

"ఊరుకోవే," అన్నాడాయన. తర్వాత కుర్చీలో కూలబడ్డాడు. "ఇన్నేళ్లుగా నన్నెవరూ వానెప్పుడు పడుతుందని తప్ప ఇంకో మాట అడగలేదయ్యా. ఇప్పుడేమో కొట్టుకి వెళ్తే పన్నుల సంగతేం చేస్తావని అడుగుతున్నారు. మొదట్లో నేను కాదు, నేను కాదన్నాను. పోనుపోను... 'చూద్దాం' అనడం మొదలుపెట్టాను."

మా ఆయన గట్టిగా నవ్వాడు. ఎన్నికలు మొదలయ్యాక ఆయన అలా నవ్వడం అదే మొదలు. ఆ నవ్వుకి రేడియో వెర్లిన్ కూడా తేరుకున్నాడు.

పన్నెండింటికి ఆయన మా ఆయన్ని మైకు ముందు కూర్చోబెట్టాడు. "నా గొంతు మీకు తెలుసు. ఇప్పుడు ఈయన గొంతు వినండి. ఈయనా వెర్లిన్ రుస్తాదే. ఎన్నికల్లో నిలబడింది ఈయన, నేను కాదు."

మా ఆయన మైకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మిర్నా కంగారుగా నా వైపు చూసింది. అప్పుడు మా ఆయన నోరు విప్పాడు. "నిన్న మీరు నాకు పెట్టిన భోజనం ఈయనకు పెట్టాల్సింది. క్షమించండి."

"ఇంతకీ ఆడిటరంటే ఏం చేస్తాడయ్యా?" అని అడిగాడు రేడియో వెర్లిన్. నిజంగానే ఆయనకు తెలియదు.

"మీరు పొరుగూరు పెళ్లికి వెళ్తారనుకోండి. పక్కపొలం ఆయన వచ్చి మీ కొట్టం తలుపు వేసి ఉందా, పశువులకి నీళ్లున్నాయా అని చూసి వెళ్తాడు. దొంగలున్నారని కాదు. ఇల్లు మీది, ఆ పూట మీరక్కడ లేరు, అందుకు. నేను చేసేదీ అదేనండి."

వెంటనే ఫోను మోగింది. హుల్డా! "అయితే జలుబు కాదన్నమాట! ఆ అబ్బాయి కేకు వదిలేసి పోయాడు, వచ్చి తిని వెళ్లమను."

ఆ తర్వాత మోగిన ఫోనులో క్లిఫర్డ్. "గెలిచే ఎన్నికని చేతులారా పాడుచేశావు కదయ్యా!"

"ఎలాగూ ఓడిపోతానని నువ్వేగా అన్నావు," అన్నాడు మా ఆయన.

"అది అప్పటి మాట!"

నవంబరులో మా ఆయన గెలిచాడు. తూర్పున కొద్ది తేడాతో ఓడి, పడమట బాగా గెలిచి, మొత్తానికి బయటపడ్డాడు. ఇంట్లో అందరూ కేకలు వేస్తుంటే ఆయన మాత్రం వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"వాళ్లు ఎవరికి వేశారంటావు, ఆర్డిస్? ఓటు కాగితం మీద పేరొక్కటేగా ఉండేది."

"నువ్వు గెలిచావు. అది తెలుసు," అన్నాను. ఆ జవాబు ఆయనకి చాలలేదు.

రేడియో వెర్లిన్ తనే ఫోన్ చేశాడు. పక్కన నిలబడ్డ నాకూ వినపడిందా గొంతు. "నేననుకుని వేసినవాళ్లు కొందరుంటారు, లేకపోరు. ఆ ఓట్లు నీకిచ్చేస్తున్నాను, ఉంచుకో. పని మాత్రం సరిగ్గా చెయ్యి, నా పేరు కూడా అదే."

మా ఆయన కళ్లు తుడుచుకుని, అప్పుడు వెళ్లి అందరి మధ్యా కూర్చున్నాడు.

జనవరిలో రాజధాని బిస్మార్క్‌లో ప్రమాణస్వీకారం. ఎముకలు కొరికే చలిలో స్టెన్‌బర్గ్ వాళ్లు బస్సు మాట్లాడుకుని వచ్చారు. వచ్చినవాళ్లంతా రేడియో వెర్లిన్ చుట్టూ మూగి, ఆయన భుజాలు తట్టి, పెళ్లికొడుకుని చేసినట్టు చేశారు. ఆయనేమో మంచి టై కట్టుకుని, వద్దు వద్దంటూనే మురిసిపోతున్నాడు. నేను మా ఆయన కోసం హాలంతా వెతికాను. వాళ్లందరికీ కాఫీలు అందిస్తూ కనబడ్డాడు.

కప్పు అందుకున్న ఒక పెద్దాయన, "ఇక్కడే పనిచేస్తావా బాబూ?" అని అడిగాడు.

"ఇవాళ్టి నుంచేనండి."

"అయితే కాస్త చక్కెర కూడా పట్రా."

లోపలినుంచి ప్రమాణానికి రమ్మని పిలుస్తున్నారు. మా ఆయన నా వైపు ఒకసారి చూసి, ముందు చక్కెర తేవడానికి వెళ్లాడు.