రెండు రెండువందల పన్నెండులు

మా చర్చి పాటల పుస్తకంలో రెండువందల పన్నెండో పేజీలు రెండున్నాయి. మా పూర్వీకులు జర్మన్ నేల వదిలి సముద్రం దాటొచ్చిన వలస రోజుల్లో కోకలికో వాగు పక్కన దాన్ని అచ్చు వేసిన మాథియాస్ ఎబర్లే అనే మహానుభావుడు ఏ ధ్యాసలో ఉన్నాడో గానీ, రెండువందల పన్నెండు తర్వాత మళ్ళీ రెండువందల పన్నెండే వేశాడు. పెద్దవాళ్ళు "రెండో రెండువందల పన్నెండు" అని పేజీతో పాటని పిలుస్తుంటే చిన్నప్పుడు నాకు నవ్వొచ్చేది. నేనే అచ్చాఫీసు నడిపే మనిషినయ్యాక ఒళ్ళు మండేది.

నా పేరు అల్వెర్టా సెన్సెనిగ్. మా ఆయన పోయాక డీజిల్ ఇంజనుతో నడిచే అచ్చుయంత్రాన్ని నేనే చూసుకుంటున్నాను. వేలంపాటల ప్రకటనలు, మా బడి పుస్తకాలు, కోళ్ళ దాణా కరపత్రాలు, ఏదొస్తే అది వేస్తాను. మనసంతా మాత్రం ఈ జర్మన్ పాటల పుస్తకం మీదే. ఇళ్ళల్లో ఉన్న పాత ప్రతులు చేతుల్లోనే పొడైపోతున్నాయి. ఒకదానికి మొదలు లేదు, ఒకదానికి చివర లేదు. పిల్లలకి ఈ చిరుగుల్లో ఏం నేర్పుతాం, ఇంగ్లీషు పాటల పుస్తకం తెచ్చుకుందాం అని మా అక్క కొడుకు హార్లన్, వాడి ఈడువాళ్ళు సంఘంలో అడగడం మొదలెట్టారు. అక్టోబరు సభలో తేలుస్తామన్నారు పెద్దలు. నాకు ఇంగ్లీషులో బేరమాడటం వచ్చు, ప్రార్థన చెయ్యడం రాదు. మా అమ్మని మట్టిచేసిన రోజు పాడిన మాటలు నేను బతికుండగానే ఆగిపోతాయేమోనని గుండెల్లో రాయి పడింది.

ఊళ్ళో కాలేజీ గ్రంథాలయంలో ఒక్క ప్రతి నిండుగా ఉంది. వాళ్ళు దాన్ని పేజీ పేజీ కంప్యూటర్లోకి ఎక్కించారు. మా సంఘం కట్టుబాటు ప్రకారం మా దుకాణాల్లో కంప్యూటరు ఉండకూడదు కాబట్టి, అంతా కాగితాల మీద దింపి ఒక పెట్టెలో పెట్టి ఇచ్చారు. ఆ అక్షరాల ముక్కూ మొహం ఎంత తేటగా వచ్చాయో చూసి పెట్టె ముందే కూలబడ్డాను. వాటి నుంచి ఉన్నదున్నట్టు అచ్చు ప్లేట్లు చేసి వేసేస్తే సరిపోయేది. ఊరుకుంటేగా! చలికాలమంతా కత్తెరా జిగురూ పట్టుకుని, రెండో పన్నెండుని పదమూడు చేసి, అక్కణ్ణుంచి చివరిదాకా ప్రతి పేజీ అంకెనీ ఒకటి చొప్పున పెంచుకుంటూ పోయాను. ఎబర్లే చేతి మీద బెత్తంతో ఒకటిచ్చినంత సంబరపడ్డాను. ఎవరికీ చెప్పలేదు.

హార్లన్ చెల్లెలు వెర్నా పెళ్ళికి మొదటి విడత పుస్తకాలు సిద్ధమయ్యాయి. ఆడవాళ్ళ బల్లల మీద అవి పెట్టించాను. మగవాళ్ళ చేతుల్లో పాతవే ఉన్నాయి. మేము పాటని పేజీతోనే పిలుస్తాం. ముందు పాడే ఆయన "మూడువందల నలభై" అన్నాడు. అది పెళ్ళిపాట. మొదటి అక్షరాన్ని ఆయనొక్కడే సాగదీశాడు, తర్వాత అందరం అందుకున్నాం. మా పుస్తకంలో రాగాలుండవు, మాటలే ఉంటాయి. ఒకే రాగం మీద ఎన్నో పాటలు నడుస్తాయి. అదే కొంప ముంచింది. అటు మగవాళ్ళు కొత్త జంటని దీవిస్తుంటే, ఇటు ఆడవాళ్ళం అదే రాగంలో, అంతే నెమ్మదిగా, శవపేటికని గోతిలోకి దింపుతున్నాం.

నేను అంకెలు జరపడంతో మా పుస్తకాల్లో మూడువందల నలభై దగ్గరికి ముందు పేజీలోని సమాధిపాట వచ్చి కూర్చుందని రెండో చరణం దాకా నాకు వెలగలేదు. వెలిగాక మాత్రం ఏం చెయ్యగలను? మొదలెట్టిన పాటని మధ్యలో ఆపడం మా దగ్గర లేదు. పెళ్ళిపాట కంఠతా వచ్చిన ముసలమ్మలు కూడా పుస్తకం మీద గురితో అందులో ఉన్నదే పాడారు. వెర్నా తల వంచుకుని, మేము మన్ను పొయ్యడం పూర్తయ్యేదాకా వింది. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

భోజనాల దగ్గర హార్లన్ కోడిమాంసం పళ్ళెంతో వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"పిన్నీ, ఇది పెళ్ళిభోజనమా, దినంభోజనమా? ముందే చెబితే దానికి తగ్గట్టు మొహం పెట్టుకుంటాను."

"నోరు మూసుకుని తినరా."

"తింటాలే. కానీ చూశావుగా, పెద్దవాళ్ళకే దారి తెలియని పుస్తకం నా పిల్లలకేం తెలుస్తుంది?" అన్నాడు. ఈసారి వాడు నవ్వలేదు.

సోమవారం మా బావగారు టైటస్ దుకాణానికి వచ్చారు. మా ఆయనకి అన్నగారు, సంఘానికి పెద్ద. బల్ల మీద రెండు పుస్తకాలూ పక్కపక్కన తెరిచి చాలాసేపు చూశారు. ఆయన ఏమీ అడక్కముందే, తప్పుని తప్పులాగే ఎలా వెయ్యమంటారని నేను ఎగిరాను. ఆయన గొంతు పెంచలేదు.

"అల్వెర్టా, ఎబర్లే ఒక్కరోజు పొరబడ్డాడు. మనం రెండొందల యాభై ఏళ్ళ నుంచీ దాంతోనే పాడుతున్నాం. ఇంకా పొరబాటేమిటమ్మా? అది మన అడ్రసు."

సభనాటికి అందరూ ఒకే పాట ఒకే పేజీలో తియ్యగలగాలని, లేకపోతే తానూ ఇంగ్లీషుకే ఒప్పుకోవాల్సి వస్తుందని చెప్పి టోపీ పెట్టుకుని వెళ్ళిపోయారు.

అతికించిన అంకెల్ని ఒక్కొక్కటీ గోటితో పీకాను. పీకినంతసేపూ ఎబర్లేని తిట్టాను, తర్వాత నన్ను నేను తిట్టుకున్నాను. కింద ఆయన అంకెలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. మళ్ళీ ప్లేట్లు, మళ్ళీ అచ్చు. బొంతలు కుట్టడానికి కూడినట్టే ఆడవాళ్ళంతా సూదులు పట్టుకుని మా దుకాణానికి వచ్చారు. కొందరు కాగితాలు మడిచారు, కొందరు కుట్టారు. శవపేటిక పాట వచ్చినప్పుడల్లా వెర్నాకి ఇచ్చి మడతపెట్టమన్నారు. ఆ పిల్ల పగలబడి నవ్వింది.

హార్లన్ కూడా వచ్చాడు, పెళ్ళాం తరిమితే. మూల కూర్చుని మడతలు పెడుతుంటే వాడి ఏడేళ్ళ కూతురు వాడి భుజం మీంచి వంగి, కొత్త కాగితం మీద ఆ పాత అక్షరాల్ని కూడబలుక్కుని ఒక చరణం చదివేసింది. వాడు మడత ఆపి, ఇంకో చరణం చదవమన్నాడు. నేను చూడనట్టే ఇంజను దగ్గరికి పోయాను.

సభ ఆదివారం నాడు అన్ని బల్లల మీదా కొత్తవే ఉన్నాయి. ముసలాళ్ళు మాత్రం తమ పాతవాటిని ఒళ్ళోనే పెట్టుకున్నారు. మొదటి పాట పిలవమని బావగారు హార్లన్‌కే చెప్పారు. వాడు లేచి, నా వైపు ఒకసారి చూసి, "మూడువందల నలభై" అన్నాడు. పేజీలు ఒక్కసారి గలగలమన్నాయి, అంతే, ఆగిపోయాయి. ఎవరూ పక్కవాళ్ళ పుస్తకంలోకి తొంగిచూడలేదు. వాడు మొదటి అక్షరం ఎత్తుకున్నాడు. కొత్త పుస్తకాలు, పాత పుస్తకాలు, మగవాళ్ళు, ఆడవాళ్ళు, చదవడం ఇప్పుడే నేర్చిన పిల్లలు, అందరిదీ ఒకే మాట. మా ప్రార్థన ఇంట్లో అంత గట్టిగా పాడగా నేనెప్పుడూ వినలేదు. కిటికీలు అదిరాయి. నాకు గర్వం కలిగింది. మా మతంలో అది పాపమే, అయినా కలిగింది.

పాటయ్యాక బావగారు, ఇంగ్లీషు పుస్తకం కోసం మాట్లాడేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగారు. అందరూ హార్లన్ వైపు తిరిగారు. వాడు మెల్లగా లేచి గొంతు సవరించుకున్నాడు.

"మాట్లాడేదేమీ లేదు పెద్దనాన్నా. పిన్నిని ఇంకాసిని ప్రతులు వెయ్యమనండి. మా ఇంట్లో ఒకటుంటే చాలట్లేదు, పిల్లలు కొట్టుకుంటున్నారు."