పెద్దముఖం నడవని దారి

మ్యూజియంలో ఆమెను అందరూ అద్దాలక్క అనేవాళ్ళు. రెండో అంతస్తులోని అద్దాల పెట్టెలన్నీ పదకొండేళ్ళుగా తుడుస్తున్నది ఆమే. ఒక్క పెట్టెను మాత్రం తల వంచుకొని తుడిచేది. అందులో ఉన్న కొయ్య ముఖం తమవాళ్ళదని, దాన్ని ఊరికే చూడకూడదని ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉన్న పని కాస్తా ఊడుతుందేమోనని భయం.

వాళ్ళు దాన్ని పెద్దముఖం అంటారు. తమలో ఎవరైనా పోతే ఆ ముఖం పెట్టుకొని, మోసేవాళ్ళకు ముందు దారిపాట పాడుతూ నడవాల్సింది ఆమె మేనమామ ఇంటివాళ్ళు. పోయినవాళ్ళు ఆ పాట పట్టుకొని వెళ్తారు. మిగతా రోజుల్లో అది గుడ్డలో చుట్టి ఉండాలి. ఆనకట్ట కోసం కొండల మధ్య ఇళ్ళు ఖాళీ చేయించినప్పుడు, లారీలకెక్కించిన పెట్టెల్లో ఆ ముఖమున్న పెట్టె ఒక్కటే దిగలేదు. అప్పటినుంచి పోయినవాళ్ళెవరికీ దారి లేదు. ఉన్నవాళ్ళు తలో దిక్కయ్యారు. పాట తెలిసినవాడు మేనమామ ఒక్కడే మిగిలాడు.

అద్దాలక్క తల్లి, అంటే తన అక్కకు బాగోలేదని తెలిసి ఆ మేనమామ ఒకరోజు సంచి తగిలించుకొని వచ్చాడు. ఒంటిగది ఇల్లు. మంచాన పడ్డ తల్లి, తమ్ముడి చెయ్యి పట్టుకొని వదల్లేదు.

"నన్ను కూడా దిక్కులేనట్టే పంపుతావురా?" అంది.

పొయ్యి దగ్గరున్న అద్దాలక్కకు ఇక దాచడం చేతకాలేదు.

"మామయ్యా, అది ఎక్కడుందో నాకు తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పదకొండేళ్ళ నుంచి."

ఆయన తిడతాడనుకుంది. "పోనీలే అమ్మాయ్, మనవాళ్ళు ఒకళ్ళు దాని పక్కనే ఉన్నారన్నమాట," అన్నాడు.

మర్నాటినుంచి కాళ్ళరిగేలా తిరిగారు. మ్యూజియంలో ఆ విభాగం అధికారిణి మంచి మనిషే. పని ఊడలేదు సరికదా, అర్జీ ఆవిడే రాసిపెట్టింది. అది మీదేనని రుజువేమిటని కమిటీలో అడిగితే మేనమామ, "లోపల గడ్డం దగ్గర మూడు గాట్లుంటాయి. మా నాన్న పెట్టినవి, గాలాడక," అన్నాడు. తిప్పి చూస్తే ఉన్నాయి. అయినా సంతకాలన్నీ పూర్తయ్యేసరికి ఎనిమిది నెలలు పట్టింది.

అప్పగించే రోజున అధికారిణి పక్కన, పాత వస్తువులు పాడవకుండా చూసే కెమిస్టు కూర్చున్నాడు. చేతులకు తొడుగులున్నాయి.

"పెద్దాయనా, దీనికి పురుగు పట్టకుండా మా ముందువాళ్ళు ఏళ్ళ తరబడి మందు పూశారు. విషం. కొయ్యలోకి ఇంకిపోయింది."

"కడిగితే?"

"పోదు. ఉత్త చేతులతో తాకకూడదు. మొహానికి అసలే పెట్టుకోకూడదు. ఊపిరితో లోపలికి పోతుంది."

మేనమామ చిన్నగా నవ్వాడు. "ఇన్నాళ్ళూ పురుగులు దీన్ని తింటాయని మీ భయం. ఇప్పుడు ఇదే మమ్మల్ని తింటుందంటారు."

ఎవరూ నవ్వలేదు. పెట్టుకోనని సంతకం పెడితేనే ఇస్తామన్నారు. ఆయన పెట్టాడు. మెట్లు దిగుతూ, "కాగితానికేం తెలుసు, అమ్మాయ్," అన్నాడు. ఆ మాట విన్న అద్దాలక్క ఇంటికి రాగానే ముఖం ఉన్న పెట్టెకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

మూడు వారాలకు, ఒక మధ్యాహ్నం, గంజి తాగుతూ తాగుతూనే తల్లి పోయింది.

మేనమామ స్నానం చేసి వచ్చి చెయ్యి చాచాడు. "తాళంచెవి."

"ఇవ్వను మామయ్యా."

"నాకు డెబ్బై రెండు. ఇంకేం ఏలాలని?"

"నువ్వు కూడా పోతే నాకెవరున్నారు?"

"మీ అమ్మకు మాటిచ్చాను. వింటోంది."

ఆమె ఆయన కాళ్ళ మీద పడింది. తాళంచెవి మాత్రం ఇవ్వలేదు. ఆయన గుంజుకోవచ్చు, గుంజుకోలేదు. ఆమె జుట్టు మీద ఒకసారి చెయ్యి వేసి, ఉత్త మొహంతోనే వీధిలోకి నడిచాడు.

పాట మొదలుపెట్టాడు. కూరగాయల కొట్టు దాకా బాగానే సాగింది. మలుపు తిరిగాక ఆగిపోయింది. మొదటినుంచి అందుకున్నాడు, మళ్ళీ అదే చోట ఆగింది. మోసేవాళ్ళు ఆగారు. వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు.

"కొయ్యకు తగిలి నా గొంతు నాకే వినబడాలి, అప్పుడే తర్వాతి మాట వస్తుంది," అని ఎవరికో సంజాయిషీ చెప్పుకున్నట్టు అన్నాడు. మిగతా దారంతా పాట లేకుండానే నడిచారు.

వారం తర్వాత ఆయనే పెట్టెను మ్యూజియానికి తీసుకెళ్ళి ఇచ్చేశాడు. మనిషి మొహానికి పనికిరానిది ఇంట్లో ఎందుకన్నాడు. జనానికి చూపించబోమని, గుడ్డ చుట్టి లోపలి గదిలో పెడతామని అధికారిణి మాటిచ్చింది. ఆ మాట నిలబెట్టుకుంది కూడా. ఆయన్ను ఊరి బస్సెక్కించడానికి వెళ్ళినప్పుడు అద్దాలక్క ఏడుస్తూ, "నాదే తప్పు మామయ్యా," అంది.

"తప్పేం లేదులే. నీ చోట నేనున్నా ఇంతే చేసేవాణ్ణి," అన్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆమెకు.

వానాకాలం దాటకముందే మేనమామ పోయాడని ఫోనొచ్చింది. ఆమె వెళ్ళేసరికి ఇరుగుపొరుగువాళ్ళు అన్నీ సిద్ధం చేసి ఉంచారు. అందరూ వేరేచోట్లనుంచి కొత్తగా వచ్చి స్థిరపడ్డవాళ్ళు. మనిషి మంచివాడని చెప్పుకుంటున్నారు.

"మీలో ముందు ఎవరో నడవాలటగా?" అని అడిగాడు వాళ్ళలో పెద్దవాడు.

ఎవరో ఒకరు నడవాలి కదా అని ఆమె ముందుకు వెళ్ళి నిలబడింది. పాటలో మొదటి చరణం, చిన్నప్పుడు విన్నది, సగం గుర్తుంది. నోరు తెరిచింది. తప్పు మాట పడితే ఆయన ఎటు పోతాడోనని భయమేసి మూసేసింది.

"ఎటమ్మా?" అన్నారు వెనకనుంచి.

"నాకు తెలీదండీ," అంది ఆమె. "మీకు తెలిసిన దారినే పదండి."