దేవ్యా చెప్పిన మాట

నీలి చేటలో కంది విత్తనాలు ఏరుతోంది. పుచ్చు గింజలు పక్కకు, మంచివి ఒడిలోకి. రాత్రి వానకు మెట్ట చెల్క పదునైంది, ఇవాళ విత్తాలి.

వాకిట్లో బియ్యం బస్తా దించి ఉపేందర్ గడప ముందు కూర్చున్నాడు. జైపాల్ పటేలు హైదరాబాదులో ఉంటాడు. ఇక్కడ ఆయన భూములు చూసేది ఇతనే.

"అక్కా, సర్వే సారు ఇయ్యాల మొదలు నీ చెల్కకే వస్తడు. బావ ఏం చెప్పిండో నువ్వు గూడ గదే చెప్పు. కౌలు నీకే ఉంటది. బస్తా గూడ నీదే. లేకుంటే చెల్క ఇంకొకరికిస్తడు పటేలు."

నీలి గింజలు ఏరుతూనే ఉంది. గోడకు ఆనుకుని నిలబడ్డ కూతురు గీతకు మాత్రం 'బావ ఏం చెప్పిండో' అన్న మాట గుచ్చుకుంది.

పోయినేడు లాక్‌డౌన్‌లో కొనేవాడు లేక మిరప కల్లాల్లోనే రంగు మారింది. సాగు చేసే రైతులకు కరోనా సాయం ఇస్తామంది సర్కారు. రాసుకోవడానికి వచ్చిన సారు గట్టు మీద నిలబడి, "ఈ భూమి ఎవరిది?" అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ చెల్కలో రాళ్లేరిన గీత తండ్రి దేవ్యా భుజం మీది రుమాలు తీసి చేత పట్టుకుని, "పటేలుది సార్" అన్నాడు. తండాలో కౌలు చేసే పద్నాలుగు ఇళ్లవాళ్లూ అలాగే చెప్పారు. దున్నేదెవరని సారు అడగలేదు. పక్కనే నిలబడ్డ గీతకు ఆ కాగితంలో 'సాగుదారు' అన్న గడి కనిపించింది. పెద్దల మాటకు అడ్డు రాకూడదని ఊరుకుంది.

సాయం పటేలు ఖాతాలో పడింది. ఈ ఎండాకాలం దేవ్యాకు ఆ జబ్బే సోకింది. ఇంట్లో పైసా లేదు. తండా చందా వేసుకుని బండి మాట్లాడేసరికి సగం రోజు గడిచింది. దవాఖాన గేటు ముందే, ఆటోలో, నీలి ఒడిలో ప్రాణం పోయింది.

పదిరోజుల తర్వాత తండా అంతా కూడింది.

"మన మాటే మన మెడకు చుట్టుకున్నది. మల్ల రాయించాలని అర్జీ పెడదాం," అన్నాడు హరిలాల్.

"భూమి గుంజుకుంటే ఏం తింటవ్‌రా? అర్జీ నాకుతవా?" అంది ముసలి మంగ్లీ.

"గిన్నేండ్లు ఏం తిన్నవే అవ్వా? నీ పండ్లన్నీ పాయసం తిని ఊడినయా?"

అందరూ నవ్వారు. మంగ్లీ కూడా నవ్వింది. గీత రాసిన అర్జీ మీద మొదటి వేలిముద్ర ఆమే వేసింది. 

ఆ అర్జీతో నిన్న సర్వే మళ్లీ మొదలైంది. "దున్నేది నేను, విత్తేది నేను. నా పేరు రాయి సారూ," అన్నాడు హరిలాల్. వెనక ఐదుగురు అదే మాట అన్నారు. పొద్దుగూకక ముందే, పటేలు భూమిని ఆక్రమించాడంటూ పోలీసులు హరిలాల్‌ను జీపెక్కించారు. అడ్డం కూర్చున్న మంగ్లీని ఈడ్చి పక్కన పడేశారు.

"హరిలాల్ గతి చూసినవ్ గద," అంటున్నాడు ఉపేందర్. "ఆడపిల్ల ఉన్న ఇల్లు. జర సోచాయించు అక్కా."

"బస్తా తీస్కపో, అన్నా," అంది గీత.

"నీకేం తెల్సు బిడ్డా?"

"నాకే తెల్సు. ఆనాడు కాగితం చూసింది నేను. నోరు మూసుకున్నది గూడ నేనే." ఆమె తల్లి వైపు తిరిగింది. "యాడీ, బాపుకు నేను చెప్పకపోతి..."

 నీలి చేట పక్కన పెట్టి లేచింది. గింజలు జారకుండా ఒడి బిగించి కట్టుకుంది. దండెం మీది దేవ్యా ఎర్ర రుమాలు తీసి నెత్తికి చుట్టుకుంది.

బయట మంగ్లీ కాలీడ్చుకుంటూ చెల్కల వైపు నడుస్తోంది. ఒక్కో ఇంట్లోంచి ఒక్కొక్కరు వచ్చి ఆమెతో కలుస్తున్నారు. హరిలాల్ భార్య చేతిలో అతని ముల్లుకర్ర ఉంది.

ఉపేందర్ గడపకు అడ్డం నిలబడ్డాడు. "అక్కా, సారుకు ఏం చెప్తవ్?"

నీలి అతన్ని దాటి, బస్తాను దాటి, ఒడిలో విత్తనాలతో వాళ్ల వెంట నడిచింది.